మీజిల్స్ హెచ్చరిక వచ్చిన రోజు క్లినిక్‌లో ఏం మారాలి

ప్రాంతీయ ప్రజారోగ్య విభాగం నుంచి మన పరిధిలో మీజిల్స్ (తట్టు) కేసు నిర్ధారణ అయిందని ఒక మెయిలో, ఫోన్ సందేశమో వస్తుంది. చాలా క్లినిక్‌లలో దాన్ని డాక్టరు చదువుతారు, తట్టు కేసులు రావచ్చు, గుర్తుంచుకోవాలి అనుకుంటారు, అంతటితో ఆగిపోతుంది. మీజిల్స్ విషయంలో అది చాలదు. రోగి డాక్టరు ఎదుట కూర్చునేసరికే అరగంటో గంటో వెయిటింగ్ హాల్లో గడిపి ఉంటాడు. జరగాల్సిన నష్టం అక్కడే జరిగిపోతుంది. కాబట్టి ఆ హెచ్చరికను మొదట చదవాల్సింది ఫోన్ ఎత్తేవాళ్లు, పేరు రాసుకునేవాళ్లు. డాక్టరు వంతు ఆ తర్వాతే.

హెచ్చరికలో అన్నిటికంటే ముందు చూడాల్సినవి తేదీలు. పైన వేసిన తేదీ కాదు. రోగికి ర్యాష్ (ఒంటి మీద దద్దుర్లు) మొదలైన తేదీ, ఆ రోగి ఏ రోజు ఏ చోట ఎంతసేపు ఉన్నాడన్న వివరం. ఒక ఉదాహరణ వేసుకుందాం. ర్యాష్ మార్చి 10న మొదలైంది. ర్యాష్‌కు 4 రోజుల ముందు నుంచి 4 రోజుల తర్వాత వరకు ఆ మనిషి నుంచి జబ్బు అంటుకుంటుంది, అంటే మార్చి 6 నుంచి 14 దాకా. ఇక్కడ ర్యాష్ మొదలైన రోజును సున్నాగా పట్టుకోవాలి. ఒకటి అని మొదలుపెడితే లెక్క ఒక రోజు జరుగుతుంది, ఆ ఒక్క రోజుతోనే కొందరు కాంటాక్టులు (రోగి ఉన్న గాలి పీల్చినవారు) జాబితా నుంచి జారిపోతారు. వైరస్ సోకాక జబ్బు బయటపడటానికి 7 నుంచి 21 రోజులు పడుతుంది. 6న కలిసినవారిలో 13 నుంచే లక్షణాలు మొదలుకావచ్చు. 14న కలిసినవారి కోసం ఏప్రిల్ 4 దాకా కాచుకుని ఉండాలి. రిసెప్షన్‌లో రాసిపెట్టాల్సింది ఈ రెండు తేదీలే: మార్చి 13, ఏప్రిల్ 4. మిగతా పేజీలన్నీ ఫైల్లో ఉన్నా నష్టం లేదు.

అదే హెచ్చరిక మీ చేతికి మార్చి 15న అందిందనుకోండి. అలా అందితే త్వరగా అందినట్టే. మొదటిసారి జ్వరం, జలుబు అని మందులిచ్చి పంపేస్తారు, రెండోసారి ర్యాష్‌తో వస్తే అప్పుడు అనుమానం వస్తుంది, శాంపిల్ వెళ్లాలి, ఫలితం రావాలి, ఆ తర్వాతే హెచ్చరిక. ఈలోగా 6న సోకినవారిలో కొందరికి జ్వరం మొదలై ఉండవచ్చు. అంటే కాగితం మీద ఉన్నది ఒక్క కేసే అయినా, ఆ వారంలో రెండో విడత మీ గుమ్మం ఎక్కే అవకాశం ఉందని మనసులో పెట్టుకునే పనిచేయాలి.

తలుపు దగ్గరే ఆపడం

మీజిల్స్ గాలి ద్వారా పాకుతుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా 2 గంటల దాకా అక్కడి గాలిలో వైరస్ ఉండగలదు. రోగనిరోధకత లేనివారు దగ్గరగా మసిలితే 10 మందిలో 9 మందికి సోకుతుంది. అందుకే ఒక మీటరు దూరంలో కుర్చీ వేయడం, మూలన కూర్చోబెట్టడం లాంటివి ఇక్కడ పనికిరావు.

ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు మూడు చాలు. జ్వరంతో పాటు ఒంటి మీద ర్యాష్ ఉందా? గత 3 వారాల్లో హెచ్చరికలో చెప్పిన చోట్లకు గానీ, మీజిల్స్ ఉన్న ప్రాంతానికి గానీ వెళ్లారా, లేదా అలాంటివారిని కలిశారా? మీజిల్స్ టీకా రెండు డోసులూ పడ్డాయా? మొదటిదానికి అవునని, మిగతా రెండింట్లో ఒకటైనా అనుమానంగా ఉందని చెబితే ఆ రోగిని చివరి అపాయింట్‌మెంటుకు పిలవండి. బయటి నుంచే ఫోన్ చేయమనండి. మాస్క్ పెట్టించి, వీలుంటే పక్క తలుపు గుండా నేరుగా గదిలోకి తీసుకెళ్లండి. 2 ఏళ్ల లోపు పిల్లలకు మాస్క్ పెట్టకూడదు కాబట్టి వాళ్ల విషయంలో వెయిటింగ్ హాలు తాకకుండా తీసుకెళ్లడం ఇంకా ముఖ్యం. అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వచ్చేవారి కోసం నోటీసు పెట్టాల్సింది తలుపు బయట, పెద్ద అక్షరాలతో. కౌంటరు వెనక గోడకు అంటించిన నోటీసును రోగి చదివేసరికి లోపల అందరి మధ్యా నిలబడి ఉంటాడు.

లోపలి గాలి మిగతా గదుల్లోకి పాకకుండా చేసే నెగటివ్ ప్రెషర్ గది చిన్న క్లినిక్‌లలో ఉండదు. బయటికి తెరుచుకునే కిటికీ ఉన్న గది ఎంచుకోండి, లోపలి తలుపు మూసే ఉంచండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అది గాలిని బయటికే తోస్తోందా అని ఒక పల్చటి కాగితం దగ్గరపెట్టి చూడండి. అప్పుడప్పుడు తిరగబడి బిగించి ఉంటుంది. గాలిని క్లినిక్ అంతటికీ తిప్పే ఏసీ అయితే ఆ గదికి ఆపేయాలి. రోగి వెళ్లాక తలుపు మీద టైము రాసి 2 గంటలు ఖాళీగా వదిలేయండి. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో కచ్చితంగా తెలిస్తే ఈ సమయం తగ్గించవచ్చు: గంటకు 12 సార్లు మారే గదిలో 99.9 శాతం వైరస్ పోవడానికి 35 నిమిషాలు, 6 సార్లు మారితే 69 నిమిషాలు. లెక్క తెలియనిచోట 2 గంటలే.

లోపలికి వెళ్లే సిబ్బంది టీకా వేసుకున్నవారే అయ్యుండాలి, అయినా గాలిలోని సన్నటి కణాలను వడకట్టే ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. సర్జికల్ మాస్క్ రోగికి సరిపోతుంది గానీ సిబ్బందికి సరిపోదు.

సిబ్బంది టీకా వివరాలు హెచ్చరిక వచ్చాక వెతుక్కునేవి కావు. రోగనిరోధకత ఉందని రుజువు లేని ఉద్యోగి మీజిల్స్ రోగి ఉన్న గాలి పీల్చితే, మొదటిసారి కలిసిన 5వ రోజు నుంచి చివరిసారి కలిసిన 21వ రోజు వరకు పనికి రాకూడదు. ఐదారుగురితో నడిచే క్లినిక్‌లో ఇద్దరు అలా ఆగిపోతే తలుపులు మూయాల్సిందే. కనీసం 28 రోజుల ఎడంతో వేసిన రెండు డోసుల రికార్డు గానీ, రోగనిరోధకత ఉందని చూపే ల్యాబ్ రిపోర్టు గానీ ఉంటేనే రుజువు. "చిన్నప్పుడు వచ్చిపోయింది" అన్న మాట రుజువు కాదు. ఈ జాబితాలో డాక్టరు, నర్సుతో పాటు గదులు ఊడ్చేవారు, మందుల కౌంటరులో కూర్చునేవారు, వాచ్‌మన్ కూడా ఉండాలి. వాళ్లను మరిచిపోవడం ఎక్కువ.

ఎవరిని అనుమానించాలి

జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం ముందు వస్తాయి. 3 నుంచి 5 రోజుల తర్వాత చెవుల వెనక, జుట్టు మొదళ్ల దగ్గర ర్యాష్ మొదలై ముఖానికి, మెడకు, ఛాతీకి, చివరగా కాళ్లకు దిగుతుంది. ర్యాష్ వచ్చేటప్పుడు జ్వరం తగ్గదు, పెరుగుతుంది. ఈ ఒక్క గుర్తు చాలా వైరల్ ర్యాష్‌ల నుంచి దీన్ని విడదీస్తుంది. ర్యాష్‌కు ఒకటి రెండు రోజుల ముందు బుగ్గ లోపలి పొర మీద, దవడ పళ్లకు ఎదురుగా, ఎర్రటి నేల మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవే కోప్లిక్ స్పాట్స్. టార్చి పట్టుకుని స్పాచులాతో బుగ్గ పక్కకు జరిపి చూస్తే తప్ప కనపడవు, ర్యాష్ పూర్తిగా వచ్చాక మాయమవుతాయి. కాబట్టి కనపడకపోతే మీజిల్స్ కాదని కొట్టేయకండి.

నలుపు, చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు. కిటికీ పక్కన నిలబెట్టి వెలుతురు పక్కనుంచి పడేలా చూడాలి, అరచేత్తో నుదురు, మెడ తడిమి చూడాలి, గరుగ్గా తగులుతుంది. తర్వాతి రోజుల్లో గోధుమ రంగు మచ్చగా మారి సన్నటి పొట్టు రాలుతుంది.

తప్పు జరిగే చోట్లు కొన్ని తెలిసినవే. రెండో రోజు దగ్గుకు యాంటీబయాటిక్ మొదలుపెడతారు, నాలుగో రోజు ర్యాష్ వస్తుంది, మందు పడలేదని రాసి ఆ మందు ఆపేసి ఇంటికి పంపేస్తారు. హెచ్చరిక అమల్లో ఉన్న వారాల్లో డ్రగ్ ర్యాష్ అని రాసే ముందు ఒక్కసారి ఆగాలి: మందు మొదలవకముందే జ్వరం, దగ్గు, ఎర్ర కళ్లు ఉన్నాయా? ఉంటే ముందు మీజిల్స్ అనుకుని నడుచుకోవాలి. ఒక డోసు టీకా పడ్డవారిలో జబ్బు తేలిగ్గా, అరకొర ర్యాష్‌తో రావచ్చు. ఒక డోసు రక్షణ సుమారు 93 శాతం, రెండు డోసులది 97 శాతం. కాబట్టి టీకా వేసుకున్నారన్న ఒక్క మాటతో పక్కన పెట్టలేం. క్యాన్సర్ మందుల మీద ఉన్నవారిలో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ర్యాష్ అసలు రాకపోవచ్చు, న్యుమోనియా ఒక్కటే కనిపించవచ్చు. ఇంకోవైపు, టీకా వేసిన 7 నుంచి 12 రోజుల మధ్య కొద్దిమంది పిల్లలకు జ్వరం, తేలికపాటి ర్యాష్ వస్తాయి. కేసులు రాగానే టీకాలు జోరుగా వేస్తారు కాబట్టి ఇలాంటివీ అప్పుడే పెరుగుతాయి. అలాంటి పిల్లాడి ఐజీఎం (రక్తంలో చేసే యాంటీబాడీ పరీక్ష) పాజిటివ్ వస్తే అది జబ్బా, టీకానా చెప్పలేం. టీకా వైరస్‌ను విడిగా గుర్తించే పీసీఆర్ ఉంటుంది, దాని కోసం శాంపిల్ ఫారంలో టీకా తేదీ తప్పనిసరిగా రాయాలి.

అనుమానం రాగానే ప్రజారోగ్య విభాగానికి ఫోన్ చేయండి. ల్యాబ్ ఫలితం వచ్చాక చెబుదామని ఆగితే కాంటాక్టులకు ఉన్న గడువు చేతులారా పోగొట్టినట్టే. ఫోన్‌లో అడిగేవి దాదాపు ఎప్పుడూ ఒకటే: జ్వరం మొదలైన తేదీ, ర్యాష్ మొదలైన తేదీ, టీకా తేదీలు, ర్యాష్‌కు ముందు 4 రోజులు, తర్వాత 4 రోజులు రోగి ఎక్కడెక్కడ తిరిగాడు, మీ క్లినిక్‌లో ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉన్నాడు. ఈ చివరిదానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. అపాయింట్‌మెంట్ టైము ఉంటుంది, మనిషి లోపలికి వచ్చిన టైము, వెళ్లిపోయిన టైము ఉండవు. హెచ్చరిక ఉన్నన్నాళ్లూ రిజిస్టరులో ఆ రెండు గడులు పెట్టుకోండి, తోడు వచ్చినవారి పేరు, ఫోన్ నంబరు సహా. రోగి వచ్చిన నిమిషం నుంచి వెళ్లిన 2 గంటల తర్వాత వరకు ఆ హాల్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ కాంటాక్టే. బిడ్డను ఎత్తుకుని వచ్చిన గర్భిణి అందులో ఉంటే ఆమె పేరు రోగుల జాబితాలో కనపడదు.

శాంపిల్

రక్తం ఒక్కటే తీయడం సాధారణంగా జరిగే పొరపాటు. ర్యాష్ వచ్చిన మొదటి 72 గంటల్లో ఐజీఎం పరీక్ష నాలుగో వంతు రోగుల్లో దాకా నెగటివ్‌గా రావచ్చు. అదే సమయంలో గొంతు స్వాబ్ పీసీఆర్ బాగా పట్టిస్తుంది, ర్యాష్ వచ్చిన 3 రోజుల్లోపు తీస్తే మరీ మంచిది. అందుకని మొదటిసారి చూసినప్పుడే రెండూ తీసేయాలి. స్వాబ్ సింథటిక్ దూదిది, ప్లాస్టిక్ పుల్లది కావాలి. చెక్క పుల్ల, కాల్షియం ఆల్జినేట్ స్వాబ్ పరీక్షను చెడగొడతాయి. టాన్సిల్స్ దగ్గర, గొంతు వెనక గోడ మీద గట్టిగా రుద్ది, 2 నుంచి 3 మిల్లీలీటర్ల వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో (వైరస్ చెడకుండా ఉంచే ద్రవం) ముంచి, పుల్ల విరిచి మూత బిగించాలి. పొడి ట్యూబులో పంపితే ఎండిపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఐస్ ప్యాకులతో పంపాలి. రక్తాన్ని మాత్రం సీరం (పైన తేలే పల్చటి ద్రవం) వేరు చేయకుండా ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఎర్ర కణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది.

ఫారంలో ర్యాష్ తేదీ రాయకపోతే నెగటివ్ ఫలితానికి అర్థం ఉండదు. రెండో రోజు తీసిన నెగటివ్ వేరు, పదో రోజు తీసిన నెగటివ్ వేరు. మొదటి 3 రోజుల్లో తీసిన ఐజీఎం నెగటివ్ వచ్చి, పీసీఆర్ చేయకపోతే, అనుమానం ఉన్నంతవరకు మళ్లీ రక్తం తీయాల్సిందే.

కాంటాక్టులకు ఏం ఇవ్వాలి

ఇక్కడ గడియారం రెండు చోట్ల ఆగుతుంది. మొదటిసారి కలిసినప్పటి నుంచి 72 గంటల్లోపు టీకా, 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్). పై ఉదాహరణలో 14న కలిసినవారికి 17 దాకా టీకాకు, 20 దాకా ఇమ్యునోగ్లోబులిన్‌కు వేళ ఉంది. 6న కలిసినవారికి రెండూ దాటిపోయాయి. అయినా టీకా పడనివారికి టీకా వేయాలి. ఈసారి తప్పించలేకపోయినా వచ్చేసారికి పనికొస్తుంది.

ఇంట్లో వాళ్లకు 72 గంటల గడువు చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది. ర్యాష్‌కు 4 రోజుల ముందు నుంచే వాళ్లు ఆ గాలి పీలుస్తున్నారు, ర్యాష్ చూసి మీ దగ్గరకు వచ్చేసరికే 72 గంటలు అయిపోతాయి. కాబట్టి ఇంట్లో ఉన్న పసిబిడ్డకు, గర్భిణికి అదే రోజు ఇమ్యునోగ్లోబులిన్ ఏర్పాటు చూడాలి. వెయిటింగ్ హాల్లో తగిలినవారి సంగతి వేరు. మీరు ఆ సాయంత్రమే ఫోన్లు చేస్తే టీకాతో ఆపగలిగేది వాళ్లనే.

6 నెలల లోపు పసివాళ్లకు కండరంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్, కిలోకు 0.5 మిల్లీలీటరు, ఎంత బరువున్నా 15 మిల్లీలీటర్లకు మించకూడదు. 6 కిలోల బిడ్డకు 3 మిల్లీలీటర్లు వస్తుంది. ఒకే చోట గుచ్చకుండా రెండు తొడలకు పంచాలి. 6 నుంచి 11 నెలల మధ్యవారికి 72 గంటలు దాటకపోతే టీకా, దాటితే ఇమ్యునోగ్లోబులిన్. రోగనిరోధకత లేని గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి నరంలోకి కిలోకు 400 మిల్లీగ్రాములు. వీళ్లిద్దరికీ టీకా వేయకూడదు, అది బతికున్న వైరస్ టీకా. 30 కిలోలు దాటినవారికి 15 మిల్లీలీటర్ల హద్దు వల్ల కండరంలోకి ఇచ్చే మోతాదు బరువుకు తగ్గట్టు చాలదు. ఎవరికి ఇవ్వాలన్న నియమాలు దేశాన్ని బట్టి కొంత మారతాయి, కాబట్టి మీ విభాగం పంపిన పత్రంలో వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

టీకా, ఇమ్యునోగ్లోబులిన్ రెండూ కలిపి ఇవ్వకూడదు. బయటి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను పనిచేయనివ్వవు. కండరంలోకి ఇచ్చాక 6 నెలలు, నరంలోకి ఇచ్చాక 8 నెలలు ఆగి టీకా వేయాలి. ఆ తేదీ కార్డు మీద అప్పుడే రాసి ఇవ్వకపోతే ఆ బిడ్డ టీకా లేకుండానే మిగిలిపోతాడు. ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చినవారిని 21 రోజులకు బదులు 28 రోజులు కనిపెట్టి ఉండాలి, జబ్బు ఆలస్యంగా బయటపడవచ్చు. ఏడాది నిండకముందు కేసుల కారణంగా ముందస్తుగా వేసిన డోసును మామూలు షెడ్యూలులో లెక్కవేయకూడదు, ఆ రెండు డోసులూ మళ్లీ పడాలి.

కేసులు వచ్చినప్పుడు టీకా హడావుడిగా వేస్తారు, ప్రమాదాలు అప్పుడే జరుగుతాయి. మీజిల్స్ టీకా పొడి రూపంలో వస్తుంది, దానితో పాటు అదే కంపెనీ ఇచ్చిన ద్రావణంతోనే కలపాలి. 2014లో సిరియాలోని ఇద్లిబ్ ప్రాంతంలో ద్రావణానికి బదులు ఆపరేషన్లలో వాడే అట్రాక్యూరియం కలపడంతో 15 మంది పిల్లలు చనిపోయారు. 2017లో దక్షిణ సూడాన్‌లో ఒకే సిరంజితో 4 రోజులు కలుపుతూ, చల్లదనం లేకుండా ఉంచిన టీకాతో మరో 15 మంది పిల్లలు చనిపోయారు. ఫ్రిజ్‌లో టీకా ఉన్న అరలో ఇంకే మందూ ఉండకూడదు. ద్రావణాన్ని కలిపే ముందు చల్లబరచాలి, ప్రతి వయల్‌కు కొత్త సిరంజి వాడాలి, కలిపిన టైము వయల్ మీద రాయాలి. కలిపిన వయల్‌ను 6 గంటలు దాటాక గానీ, ఆ పూట టీకాలు ముగిశాక గానీ, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. మీ కార్యక్రమంలో ఇంకా తక్కువ గడువు పెట్టి ఉంటే అదే లెక్క. ఇందులో ప్రిజర్వేటివ్ ఉండదు, క్రిములు పెరిగితే వాసన గానీ రంగు గానీ మారదు. వెలుతురు తగిలితే టీకా బలం పోతుంది, అందుకే ఎండ పడని చోట పెట్టాలి. డోసు 0.5 మిల్లీలీటరు, చర్మం కిందికి.

రోగికి

మీజిల్స్‌కు వైరస్‌ను చంపే నిర్ధారిత మందు లేదు. విటమిన్ ఎ మాత్రం మరిచిపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం వరసగా రెండు రోజులు, రోజుకొక డోసు: 6 నెలల లోపు 50,000 యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు 1,00,000, ఏడాది దాటిన పిల్లలకు 2,00,000. కంటిలో విటమిన్ ఎ లోపం గుర్తులుంటే 4 నుంచి 6 వారాల తర్వాత మూడోది. రెండో డోసు కోసం రోగిని మళ్లీ క్లినిక్‌కు రప్పిస్తే ఇంకోసారి హాలు ప్రమాదంలో పడుతుంది. కొలిచి ఇంటికి ఇచ్చి, మర్నాడు ఫోన్ చేసి వేశారా లేదా కనుక్కోండి. ఎక్కువ వేస్తే మంచిదని ఇంట్లో సొంతంగా మరిన్ని చుక్కలు వేస్తే వాంతులు, తలలో ఒత్తిడి వస్తాయని గట్టిగా చెప్పాలి. యాంటీబయాటిక్ చెవి చీము, న్యుమోనియా లాంటివి తోడైతేనే. కంటికి స్టెరాయిడ్ చుక్కలు వేయకూడదు. ఊపిరి వేగం పెరగడం, తాగలేకపోవడం, మగతగా ఉండటం, ఫిట్స్, నల్లగుడ్డు మీద మసక, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి. వెళ్లే ముందు అక్కడికి మీరే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వాళ్ల అత్యవసర విభాగంలో ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. ర్యాష్ వచ్చిన తర్వాత 4 రోజులు నిండేదాకా ఇంట్లోనే ఉండాలి. రోగనిరోధక శక్తి తగ్గినవారైతే జబ్బు పూర్తిగా తగ్గేదాకా.

కొత్త కేసు లేకుండా 42 రోజులు గడిస్తేనే ఆ ప్రాంతంలో వ్యాప్తి ఆగినట్టు లెక్క. 21 రోజుల గడువుకు అది రెండింతలు. మధ్యలో ఒక్క కేసు వచ్చినా ఆ కేసు ర్యాష్ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. రెండు వారాలు నిశ్శబ్దంగా గడిచాయని తలుపు మీది నోటీసు తీసేయకండి, ఫోన్ ప్రశ్నలు ఆపేయకండి. విభాగం నుంచి ముగిసిందని రాతపూర్వకంగా వచ్చేవరకు రిజిస్టరులో ఆ రెండు గడులూ నింపుతూనే ఉండాలి.